జంతికల గొట్టంతో ఫ్రాగ్ ప్లగ్గులు: నాలుగేళ్ల వాడకం తర్వాత

2021 చివర్లో మొదలుపెట్టాను. ఇప్పటికి అయిదు విడతల్లో 230 దాకా సిరామిక్ ప్లగ్గులు చేశాను. ఓ అరవై ఇంకా మా 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంకులోనే (ఉప్పునీళ్లలో పగడాలు పెంచే అక్వేరియం) ఉన్నాయి. వాటిలో సగం కంటికి కనపడవు, కోరల్ (పగడం) పైనుంచి పాకి మొత్తం కప్పేసింది. ఇంకో వంద దాకా డాలస్ చుట్టుపక్కల తెలిసినవాళ్ల ట్యాంకుల్లోకి వెళ్లాయి. మిగతావి పేలాయి, పగిలాయి, లేదా గ్యారేజీలో ఒక డబ్బాలో పడి ఉన్నాయి. "ఇంట్లో చేసుకోవచ్చా, లాభమేనా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

తెలియనివాళ్లకి ఒక్క మాట. తల్లి కోరల్ నుంచి కోసిన ముక్కని ఫ్రాగ్ అంటారు. దాన్ని అతికించడానికి పైన రూపాయి బిళ్లంత పళ్లెం, కింద పొట్టి కాడ ఉండే బుల్లి పుట్టగొడుగు లాంటిది ప్లగ్గు. కాడని ర్యాక్ (ట్యాంకులో ప్లగ్గులు నిలబెట్టే కన్నాల పలక) కన్నంలోనో, రాయి సందులోనో దిగ్గొడతాం.

ముందు డబ్బు సంగతి తేల్చేస్తాను. మిగలదు. 25 పౌండ్ల తెల్ల స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే రకం) సంచి ముప్పై డాలర్లకి దొరికింది, అందులో మూడో వంతు కూడా ఖర్చవలేదు. కానీ ఇంట్లో కిల్న్ (మట్టి కాల్చే బట్టీ) లేదు కదా. పాటరీ స్టూడియోకి తీసుకెళ్లి కాల్పించుకోవాలి, వాళ్లు షెల్ఫులో పట్టిన చోటుని బట్టి డబ్బు తీసుకుంటారు. రెండు కాల్పులూ, పేలిపోయినవీ కలిపి లెక్క కడితే నాకు ఒక్కోటి నలభై సెంట్ల పైన పడింది. వంద ప్లగ్గుల ప్యాకెట్ కొన్నా దాదాపు అంతే. నా శనివారాలకి కూలి కట్టుకుంటే నష్టమే.

మరి ఎందుకు చేస్తున్నానంటే, ఏటవాలు కాడ కోసం. కొట్లో నేను చూసిన ప్లగ్గులన్నిటికీ కాడ నిటారుగా ఉంటుంది. ర్యాక్ మీద పెట్టడానికి అది బాగానే ఉంటుంది. నిలువుగా ఉన్న రాయికి దిగ్గొడితే మాత్రం గోడకి కొట్టిన చొక్కా కొక్కెంలా బయటికి పొడుచుకొస్తుంది, లైటు పళ్లెం అంచు మీదే పడుతుంది. కాడని ఓ 45 డిగ్రీలు వంచి చేస్తే పళ్లెం లైటు వైపు తిరిగి కూర్చుంటుంది. ఇంకా రాయి అంచుకి తగిలించేందుకు కొడవలి ఆకారంలో ఉన్నవీ, పగుళ్లలో దూర్చడానికి చెక్కమేకుల్లా పల్చగా ఉన్నవీ చేసుకున్నాను. ఇవి కొందామన్నా నాకు దొరకలేదు. నాలుగేళ్లలో నేను నిజంగా సంతోషపడింది వీటితోనే. మామూలు గుండ్రటివి మాత్రం కొనుక్కోండి, చేయడం దండగ.

మొదటి విడతప్పుడు అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి ఉంది. చలికాలం, బయటికెళ్లే పని లేదు. నేను డైనింగ్ టేబుల్ మీద మట్టిని చేత్తో చుడుతూ ఒక్కో కాడ ఒక్కో లావులో చేస్తుంటే కాసేపు చూసి, "ఏరా, అలా వేళ్లతో నలుపుతూ కూర్చుంటే తెల్లారుతుందా? గొట్టం తియ్యి" అంది. సూట్‌కేసులో తెచ్చుకున్న ఇత్తడి జంతికల గొట్టం. "మళ్లీ దాంతో జంతికలు చేయకూడదమ్మా" అంటే, "చేయను లేరా, ముందు నీ గోల తీరనీ" అని మట్టి ముద్ద అందులో కుక్కింది. ఒకటే పెద్ద కన్నం ఉన్న బిళ్ల వేసి తిప్పితే కడ్డీ అంతా ఒకే లావులో దిగింది. స్టోన్‌వేర్ మట్టి గట్టిది. జంతికల పిండికన్నా కాస్త మెత్తగా ఉంటే తప్ప గొట్టం తిరగదు. మరీ మెత్తగా చేస్తే ఆరేటప్పుడు వంకర పోతుంది. ఆ మధ్య పదును అమ్మ చేతికి రెండో ముద్దకే దొరికింది, నాకు మూడో విడతకి గానీ రాలేదు.

పళ్లెం మీద గీతలు కూడా ఆవిడ ఆలోచనే. గవ్వలు చేసే చెక్క మీద మట్టి బిళ్లని అదిమితే చారలు పడతాయి. గ్లూ జెల్ ఆ చారల్లోకి దిగి గట్టిగా పట్టుకుంటుంది. నున్నటి పళ్లెం మీద అతికించిన జోవాంతిడ్లు (గుండీల్లా గుంపుగా పెరిగే మెత్తటి కోరల్ రకం) మొదటి వారంలోనే ఊడి తేలడం నేను చూశాను. చారలున్న వాటిలో నాలుగేళ్లలో ఊడినవి మూడో నాలుగో. గ్రీన్ స్టార్ పాలిప్ అనే పాకే కోరల్ అయితే నా ట్యాంకులో ముందు చారల వెంబడే పాకి, తర్వాత మధ్య మిట్టలు ఎక్కింది. ఒక చెడు కూడా ఉంది. నీటి ప్రవాహం సరిగ్గా తగలని మూల పెడితే ఆ చారల్లోనే మడ్డి పేరుకుంటుంది. చారలు ప్రవాహం పోయే దిక్కుకి ఉండేలా తిప్పి పెట్టుకోవాలి.

ఇక మొదటి తప్పు. గొట్టం కన్నం 12 మిల్లీమీటర్లు, నా ర్యాక్ కన్నం అరంగుళం, అంటే 12.7. సరిగ్గా సరిపోతుందని సంబరపడ్డాను. మట్టి ఆరి, కాలి, పన్నెండు శాతం కుంచించుకుపోతుందని సంచి మీదే రాసి ఉంది, చదవలేదు. కిల్న్ నుంచి వచ్చాక కొలిస్తే కాడలు పదిన్నర. ర్యాక్‌లో పెడితే ఊడిపోబోయే పన్నులా కదిలేవి. తర్వాత బిళ్ల కన్నాన్ని ఆకురాయితో అరగదీసి 13.6కి తెచ్చాను. కాలాక 12 వస్తోంది, చక్కగా కూర్చుంటోంది.

రెండో తప్పు ఇంకా ఖరీదైంది. పైకి ఆరినట్టే కనిపించాయని నాలుగో రోజుకే స్టూడియోకి ఇచ్చేశాను. లావు కాడ లోపల ఇంకా తడి ఉంది. కిల్న్‌లో ఆ తడి ఆవిరై పేలాల్లా పేలింది. నలభైలో పదిహేడు పోయాయి, పక్కన ఎవరో పెట్టిన గిన్నెలో పెంకులు పడ్డాయి. క్షమాపణ చెప్పి ఆ గిన్నె డబ్బులు కట్టాను. అప్పటినుంచి రెండు వారాలు ఆరబెడతాను, చెంపకి ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. కాడ అడుగునుంచి అగ్గిపుల్లతో ఒక సన్నటి కన్నం కూడా పొడుస్తాను, ఆవిరికి దారి. తర్వాత ఒక్కటి కూడా పేలలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎంత వేడిలో కాల్చాలన్నది. రెండో విడతలో కావాలనే రెండు రకాలు చేశాను. సగం ఎర్రమట్టి, కోన్ (కిల్న్ వేడికి కుమ్మరులు వాడే కొలత) 04 దగ్గర, అంటే సుమారు 1060 డిగ్రీల సెల్సియస్. సగం తెల్ల స్టోన్‌వేర్, కోన్ 6 దగ్గర, సుమారు 1220. కాలాక ఒక్కో రకం 200 గ్రాములు తూచి రాత్రంతా నానబెట్టాను. ఎర్రవి 226 గ్రాములయ్యాయి, తెల్లవి 203. అంటే ఎర్రవి స్పాంజిలా తాగుతాయి, తెల్లవి దాదాపు తాగవు.

నీళ్లలో ఉన్నంతకాలం రెండిటికీ తేడా లేదు. ఇంకా చెప్పాలంటే ఎర్ర వాటి మీద ఊదారంగు కొరలైన్ ఆల్గే (పెంకులా గట్టిపడే నాచు) ముందు పట్టింది. అవి చెడ్డవనడానికీ లేదు. 2020లో హాంకాంగ్ యూనివర్సిటీ వాళ్లు హోయ్ హా వాన్ మెరైన్ పార్కులో సముద్రం అడుగున పరిచిన 3డీ ప్రింటెడ్ పలకలు టెర్రకోటవే. తేడా బయటికి తీసినప్పుడు తెలుస్తుంది. వాడిన ప్లగ్గులు శుభ్రం చేసి ఎండబెట్టి దాచాను. నెల తర్వాత డబ్బా తెరిస్తే ఎర్రవాటి పైపొర పెచ్చులు పెచ్చులుగా రాలి ఉంది. లోపలికి పీల్చుకున్న ఉప్పు ఆరేటప్పుడు పలుకులు కట్టి పైకి తోసేసింది. ఉప్పు పట్టిన పాత ఇంటి గోడ ఎలా రాలుతుందో అలాగే. పైగా బ్లీచ్‌లో కడిగితే ఆ వాసన వారం దాటినా వదల్లేదు. తెల్లవి ఇప్పటికి మూడుసార్లు కడిగి మళ్లీ వాడాను, చెక్కు చెదరలేదు. ఒకసారి పెట్టి మరచిపోవడానికైతే ఎర్రమట్టి చాలు, తిప్పి తిప్పి వాడాలంటే స్టోన్‌వేర్.

గ్లేజు (కుండల మీద వేసే గాజు పూత) మాత్రం వేయకండి. నీలం, ఆకుపచ్చ గ్లేజుల్లో చాలావాటిలో రాగి, కోబాల్ట్ ఉంటాయి. రాగి కొంచెం కలిసినా కోరల్‌కీ, నత్తలకీ, రొయ్యలకీ విషం. అదీ కాక అద్దంలా ఉన్న గ్లేజు మీద గ్లూ నిలవదు. రంగులు కలిపిన మట్టి, చుక్కల మట్టి కూడా నేను ముట్టుకోను. స్టూడియోలో మన ముక్కలు వేరేవాళ్ల గ్లేజు కుండలకి ఆనకుండా పెట్టమని గట్టిగా చెప్పాలి. ఇంకోటి, ఆరిన మట్టిని గరుకు కాగితంతో పొడిగా రుద్దకండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడి స్పాంజితో తుడిస్తే అంచులు వాటంతటవే నునుపవుతాయి.

సిమెంటూ గుల్ల ఇసుకా కలిపి చేసేవాళ్లూ ఉన్నారు, నేనూ ఒకసారి చేశాను. కిల్న్ అక్కర్లేదు, అదొక్కటే సుఖం. సున్నం ఊరి పీహెచ్ పెరిగిపోతుంది, నీళ్లు మారుస్తూ వారాల తరబడి నానబెట్టాలి. సిరామిక్‌కి ఆ బాధ లేదు. ఆర్‌ఓ నీళ్లలో మూడు రోజులు ఉంచి వేసేస్తాను. మొదటి రెండు మూడు వారాలు గోధుమరంగు డయాటమ్ (సూక్ష్మమైన నాచు) పొర పట్టి చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. టెన్షన్ పడి తోమకండి, నత్తలు చూసుకుంటాయి.

అవి చూసుకోనిది మా టక్సీడో అర్చిన్ (ముళ్లబంతిలా ఉండే సముద్రజీవి) సంగతి. ఈ జాతి అర్చిన్‌లకి దొరికిందల్లా నెత్తిన పెట్టుకు తిరగడం అలవాటు. పోయిన ఏడాది ఒక పొద్దున లైట్లు వెలిగేసరికి, ఎనిమిది నెలలు పెంచిన నారింజరంగు జోవాంతిడ్ ప్లగ్గుని కిరీటంలా పెట్టుకుని అద్దం మీద ఎక్కుతోంది. దారిలో మోంటిపోరా (ఒక గట్టి కోరల్) ర్యాక్‌ని కూడా ఓ గుద్దు గుద్దింది. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని ఊరికే అన్నారా (గుదియ అంటే దుడ్డుకర్ర)! పట్టుకుని ప్లగ్గు లాగబోతే దాని గొట్టపు కాళ్లు జిగురులా పట్టుకుని ఒకటొకటిగా వదిలాయి. ఆ రోజు నుంచి ఏటవాలు ప్లగ్గులకి గ్లూతో పాటు శనగగింజంత ఎపాక్సీ ముద్ద కూడా పెడుతున్నాను.

జోవాంతిడ్ల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. వీటిలో, ముఖ్యంగా పాలీతోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండొచ్చు. వాడిన ప్లగ్గు కదా, మట్టిదే కదా అని మరిగించి శుభ్రం చేద్దామనుకోకండి. ఆ ఆవిరి పీల్చి ఇంట్లోవాళ్లు, పెంపుడు కుక్కలు ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. కోసేటప్పుడు చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు. పాత ప్లగ్గుని నేను బయట బకెట్లో, పల్చటి బ్లీచ్‌లో రెండు రోజులు ఉంచి, తర్వాత క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీళ్లలో నానబెడతాను. మీద మిగిలిన కొరలైన్ పెంకుకి వెనిగర్ చాలు. అక్రోపోరా అనే గట్టి కోరల్‌ని తినే పురుగులు ఉన్న ట్యాంకు నుంచి వచ్చిన ప్లగ్గయితే కడగను కూడా, చెత్తబుట్టలోకే. గుడ్లు కోరల్ మొదట్లో పెడతాయి, ప్లగ్గు మీదా ఉండొచ్చు.

ఫ్లోరిడా కీస్‌లో మోట్ మెరైన్ లేబరేటరీ వాళ్లు గట్టి కోరల్‌ని బుల్లి ముక్కలుగా కోసి ఇలాంటి సిరామిక్ ప్లగ్గుల మీదే పెంచి, తర్వాత సముద్రంలో దిబ్బల మీద నాటుతున్నారు. వాళ్ల ఫొటోల్లో వరసలుగా పేర్చిన ప్లగ్గులు చూసే నా ర్యాక్‌లో పళ్లేల మధ్య దూరం పెంచాను. దగ్గరదగ్గరగా పెడితే రెండు మోంటిపోరాలు కలిసిపోయి విడదీయడానికి ఉలి కావలసొచ్చింది.

హైదరాబాద్ నుంచి ఇద్దరు మిత్రులు "వచ్చేటప్పుడు నాలుగు ఫ్రాగ్‌లు పట్రా" అని అడిగారు. కుదరదు. ఇండియాలో గట్టి కోరల్స్ అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, దేశం దాటించడానికి సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతులు కావాలి. ఖాళీ ప్లగ్గులు మాత్రం ఒక పాతిక పట్టుకెళ్లి ఇచ్చాను. ఒకాయన వాటి మీద అనూబియాస్ అనే నీటిమొక్క వేరు అతికించి తన మంచినీళ్ల ట్యాంకులో చెక్క కన్నాల్లో గుచ్చాడు. మొన్న ఫొటో పంపాడు, వేళ్లు చారల్లోంచి దిగి కాడ చుట్టూ చుట్టుకున్నాయి. కింద ఒక మెసేజ్: "ఏటవాలువి ఇంకో పది చెయ్యి బావా."