కౌన్సెలింగ్‌కి నాలుగు స్టార్లు, ఐదోది ఆ ఫారం మార్చాక

మా అమ్మ రాత్రి గ్యాస్ కట్టేసిందో లేదో చూసి, మంచం దాకా వచ్చి, మళ్ళీ వెళ్ళి చూసి, అలా పది పన్నెండు సార్లు తిరుగుతుంది. చాదస్తం అని ఏళ్ల తరబడి నవ్వుకున్నాం. పెళ్ళికి బయల్దేరి సగం దారిలో ఆటో వెనక్కి తిప్పించిన రోజున ఇక లాభం లేదని విజయవాడలో ఒక సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాను. పేరు రాయను.

వెళ్ళగానే తెలుగు ఫారం ఇచ్చారు. అందులో "మీకు బలవంతాలు ఉన్నాయా?" అని ప్రశ్న. అమ్మ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "నన్నెవరు బలవంతం చేస్తార్రా, మీ నాన్న కూడా చెయ్యరు" అని "లేవు" దగ్గర టిక్ పెట్టేసింది. ఇంగ్లిష్‌లో కంపల్షన్ అని ఉంటే డిక్షనరీ చూసి దింపేశారన్నమాట. బలవంతం ఎదుటివాళ్ళు చేసేది కదా, అమ్మని పొయ్యి దగ్గరికి లాగేది అమ్మ మనసే.

నయం, మేడమ్ ఆ కాగితాన్ని పక్కన పెట్టి "చూడకుండా ఉండలేరా అమ్మా? చూడకపోతే మనసు ఊరుకోదా?" అని అడిగారు. అంతే, అమ్మ ముప్పావుగంట ఆగకుండా చెప్పింది. చాదస్తం వేరు, ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, వద్దనుకున్నా అదే ఆలోచన వచ్చి అదే పని మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక సమస్య) వేరట. చాదస్తం ఉన్నవాళ్ళకి తాము చేసేదే కరెక్ట్, ఓసీడీ ఉన్న చాలామందికి అది అతి అని తెలుసు, తెలిసినా ఆగలేరు. (చాదస్తానికి మూలమైన ఛాందసం అంటే అసలు వేదానికి సంబంధించిన మాట, ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో!)

చికిత్స పేరు ఈఆర్‌పీ, అంటే భయాన్ని ఎదుర్కొంటూనే ఆ అలవాటు పని చెయ్యకుండా ఆగడం. గ్యాస్ ఒక్కసారి కట్టి, బయటికొచ్చి, మళ్ళీ చూడకుండా కూర్చోవాలి. టెన్షన్ బాగా పెరుగుతుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. మొదటి వారం అమ్మ ఏడ్చేసింది. "నేను చూశాలే, పడుకో" అనడం నన్ను కూడా మానెయ్యమన్నారు, నిజం చెప్పాలంటే నాకు అదే ఎక్కువ కష్టమైంది. ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి యేల్-బ్రౌన్ స్కేల్ అని పది ప్రశ్నలుంటాయి, మొత్తం 40కి, ఎంత ఎక్కువొస్తే అంత తీవ్రం. మొదట 26 వచ్చింది, నాలుగు నెలలకి 13. మందులు సైకియాట్రిస్ట్ విడిగా రాశారు.

అపాయింట్‌మెంట్ 5 గంటలకంటే 6 దాటుతుంది, రిసెప్షన్‌లో అందరి ముందూ "ఏం ప్రాబ్లం" అని గట్టిగా అడుగుతారు, అది బాలేదు. ఫారం సంగతి చెప్తే "ప్రింట్ అయిపోయాయండీ" అన్నారు. పోయిన వారం అమ్మే పెన్ను తీసుకుని, బలవంతాలు కొట్టేసి, "చేసిన పనే మళ్ళీ చెయ్యకపోతే నిద్ర పట్టదా?" అని రాసి ఇచ్చింది.