‘గూగుల్‌లో మొదటి పేజీ గ్యారంటీ’ ప్యాకేజీ తీసుకునే ముందు ఇది చూడండి

ఏసీ రిపేరు, వాటర్ ప్యూరిఫయర్ సర్వీసు, క్యాటరింగ్ లాంటి చిన్న వ్యాపారాల వాళ్లకు వచ్చే ఫోన్ ఒకటుంది. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం సార్, నెలకు పదిహేను వేలు, మొదటి పేజీ గ్యారంటీ.’ మామూలు ఫలితాల్లో చోటును గూగుల్ డబ్బుకు అమ్మదు. పైన ‘స్పాన్సర్డ్’ అని కనిపించే చోటు ఎవరిదో వెతికిన ప్రతిసారీ అప్పటికప్పుడు జరిగే వేలంలో తేలుతుంది, అందులో రేటుతో పాటు ప్రకటన నాణ్యతనూ చూస్తారు. కాబట్టి ముందే మాటివ్వడం ఎవరి వల్లా కాదు. మ్యాప్‌లో షాపు కనిపించే బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. దానికి ‘రెన్యువల్’ అంటూ డబ్బడిగితే పక్కా మోసం.

మరి గ్యారంటీ నిలబెట్టినట్టు ఎలా చూపిస్తారు? ఎవరూ వెతకని పొడుగాటి మాట ఒకటి పట్టుకుని, దానికి మీ షాపు పైన వచ్చిన స్క్రీన్‌షాట్ పంపుతారు. లేదా మీ షాపు పేరుకే ప్రకటన పెడతారు. పేరు తెలిసి వెతికినవాళ్లు ఎలాగూ మీ దగ్గరికి వచ్చేవాళ్లే. ఆ క్లిక్కులకూ మీ జేబులోంచే పోతుంది, రిపోర్టు మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

అసలు కన్నం ప్యాకేజీలోనే ఉంది. పదిహేను వేలలో గూగుల్‌కు ఎంత కట్టారు, వాళ్ల ఫీజు ఎంత, 18 శాతం జీఎస్టీ ఎందులోంచి పోయింది అని విడివిడిగా అడగండి. ఖర్చు, క్లిక్కులు, ఎన్నిసార్లు కనిపించిందీ మీ తరఫున ప్రకటనలు నడిపే ఏజెన్సీ నెలనెలా కస్టమర్‌కు చూపాలని గూగుల్ నిబంధనే చెబుతోంది. అడిగితే పది అంకెల కస్టమర్ ఐడీ, అంటే మీ గూగుల్ యాడ్స్ (ప్రకటనల) ఖాతా నంబరు కూడా ఇవ్వాలి. నసిగితే అక్కడితో ఆపేయండి.

ఖాతా తెరిచి చూస్తే సాధారణంగా దొరికేవి ఇవి. లొకేషన్ సెట్టింగ్ ‘ప్రెజెన్స్ ఆర్ ఇంటరెస్ట్’ మీదే వదిలేసి ఉంటుంది. అంటే విజయవాడ షాపు ప్రకటన, విజయవాడ మీద ఆసక్తి చూపాడని హైదరాబాద్‌లో కూర్చున్నవాడికీ కనిపిస్తుంది. దాన్ని ‘ప్రెజెన్స్’కు మార్చాలి. వేరే వెబ్‌సైట్లు, యాప్‌లలో ప్రకటన చూపే ‘డిస్‌ప్లే నెట్‌వర్క్’ టిక్ తీసేయాలి. కీవర్డులన్నీ (ప్రకటన ఏ మాటలకు రావాలో మీరిచ్చేవి) బ్రాడ్ మ్యాచ్‌లో, అంటే దానికి సంబంధించిన వేరే మాటలకూ ప్రకటన వచ్చే పద్ధతిలో ఉంటే ‘ఏసీ మెకానిక్ జాబ్స్’, ‘ఏసీ రిపేర్ కోర్సు’, ‘ఏసీ రిమోట్ ధర’ అని వెతికినవాళ్ల క్లిక్కులకూ మీరే కడతారు. జనం నిజంగా ఏం వెతికారో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు వారానికోసారి చూసి అలాంటివి నెగటివ్ కీవర్డుల్లో (ప్రకటన రాకూడని మాటల జాబితాలో) వేయడమే ఏజెన్సీ చేయాల్సిన అసలు పని. ఆ జాబితా ఖాళీగా ఉంటే మీ ఫీజుకు పని జరగలేదన్నట్టే. ఇంకో మాట, రోజుకు రూ.300 బడ్జెట్ పెడితే ఒక్కోరోజు రూ.600 దాకా పోవచ్చు. అది మోసం కాదు, నెల మొత్తానికి రూ.9,120 దాటదు.

ఇంతకీ మీ వ్యాపారానికి ఇది సరిపడుతుందా? గూగుల్ యాడ్స్‌లోనే ఉండే కీవర్డ్ ప్లానర్‌లో మీ ఊరు పెట్టి నెలకు ఎంతమంది వెతుకుతున్నారో, పై వరసకు వేలం రేటు ఎంతో చూడండి. నెలకు 10–100 అని చూపితే ప్రకటన కన్నా మ్యాప్ ప్రొఫైల్‌లో ఫొటోలు, రివ్యూలే మేలు. టిఫిన్ సెంటర్‌కూ అంతే. క్లిక్ రూ.25 అనుకుందాం. వంద క్లిక్కులకు రూ.2,500, ఎనిమిది ఫోన్లు, రెండు పనులు. ఒక్కో కస్టమర్‌కు రూ.1,250 పడింది. ఏసీ జనరల్ సర్వీసులో మీకు మిగిలేది రూ.300 అయితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. అదే కంప్రెసర్ మార్పిడికో ఏడాది కాంట్రాక్టుకో అయితే గిట్టవచ్చు. మీ అంకెలు వేసుకుని చూడండి, ఫోన్లు లెక్కపెట్టే కన్వర్షన్ ట్రాకింగ్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

ఖాతా మీ మెయిల్‌తోనే తెరవండి, అడ్మిన్ మీరే ఉండండి. ఏజెన్సీ తన మేనేజర్ ఖాతా (చాలామంది ఖాతాలు ఒకేచోట నడిపేది) నుంచి లింక్ చేసుకుంటుంది. వద్దనుకున్న రోజు ‘యాక్సెస్ అండ్ సెక్యూరిటీ’లో ‘మేనేజర్స్’కు వెళ్లి తీసేస్తే సరి. వాళ్ల పేరు మీదున్న వెబ్‌సైటు, మీ ఫోన్‌కు కాల్స్ మళ్లించేలా వాళ్లిచ్చిన ఫార్వర్డింగ్ నంబరు ఒప్పుకోవద్దు. మానేసిన మర్నాడు ఆ నంబరుకు వచ్చే మీ పాత కస్టమర్ల ఫోన్లు ఇంకో షాపుకు వెళ్లొచ్చు.