కాల్షియం పెరిగి కిడ్నీకి తగిలితే: పథ్యమా, స్టెరాయిడా, హైడ్రాక్సీక్లోరోక్వినా?

మా అక్కకి సార్కాయిడోసిస్, అంటే ఒంట్లో గ్రాన్యులోమాలనే చిన్న చిన్న కణాల గడ్డలు కట్టే జబ్బు. ఊపిరితిత్తుల జబ్బే కదా అనుకుంటూ ఉంటే, రక్తంలో కాల్షియం 12.4, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9 వచ్చాయి, రెండూ ఎక్కువే. అంతకు ముందు నీరసం అంటే ఒక డాక్టరు మామూలు విటమిన్ డి పరీక్ష చేయించి, తక్కువుందని వారానికో 60,000 యూనిట్ల సాషే రాశారు. ఈ జబ్బులో అది తక్కువే కనిపిస్తుంది మరి, గ్రాన్యులోమాల్లోని కణాలు దాన్ని కాల్సిట్రయాల్‌గా, అంటే డి తాలూకు చురుకైన రూపంగా మార్చేస్తుంటాయి, అదేమో పేగుల చేత కాల్షియాన్ని అదే పనిగా లాగిస్తుంది. ఆ కాల్సిట్రయాల్‌ని కొలిచే 1,25 పరీక్ష కూడా చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

సరే, ఏది మేలు? కాల్షియం 11 లోపే ఉండి క్రియాటినిన్ కదలకపోతే నీళ్లు, పథ్యం చాలొచ్చు. మన వైజాగ్ ఉక్కపోతకి చెమటలోనే సగం నీరు పోతుంది, అది భర్తీ చేయకపోతే కాల్షియం ఇంకా పెరుగుతుంది. ఒంటికి మంచిదని రోజూ తాగే చోడి (రాగి) అంబలితోనే మాకు చిక్కు, 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. ముల్లుతో సహా తినే ఎండు నెత్తళ్లు కూడా మానిపించాం. అక్క అలిగింది.

కానీ కిడ్నీకి తగిలాక పథ్యాన్నే నమ్ముకోవడం తప్పని నా అభిప్రాయం. అప్పుడు స్టెరాయిడే. సాధారణంగా రోజుకి 20 నుంచి 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో మొదలుపెడతారు, కాల్షియం కొద్ది రోజుల్లోనే దిగడం మొదలవుతుంది, గ్రాన్యులోమాలు కిడ్నీలోనే చేరినా మందు ఇదే. క్రియాటినిన్ మాత్రం మెల్లగా దిగుతుంది, ఆలస్యమైతే పూర్తిగా దిగకపోవచ్చు కూడా. షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం ఎలాగూ ఉన్నాయి. స్టెరాయిడ్ వాడేవాళ్లకి అలవాటుగా రాసే కాల్షియం, డి మాత్రలు ఇక్కడ కళ్లు మూసుకుని మింగకూడదు, డాక్టరుకి గుర్తు చేయండి. ఇంకోటి, టీబీలోనూ గ్రాన్యులోమాలే ఉంటాయి, కాల్షియమూ పెరగొచ్చు, కాబట్టి అది కాదని తేల్చుకున్నాకే స్టెరాయిడ్.

హైడ్రాక్సీక్లోరోక్విన్, అదే కీళ్లవాతానికి ఇచ్చే మాత్ర, షుగర్ అదుపులో లేనివాళ్లకీ స్టెరాయిడ్ మోతాదు తగ్గించుకోవాలనుకునేవాళ్లకీ పనికొస్తుంది. కంటి పరీక్షలు తప్పవు, కిడ్నీ నెమ్మదిస్తే మోతాదూ చూసుకోవాలి. క్రియాటినిన్ పెరుగుతున్నప్పుడు దీనొక్కదాని మీదే ఆధారపడమని నేనైతే చెప్పను.

అక్క ఇప్పుడు స్టెరాయిడ్ మీదే ఉంది, క్రియాటినిన్ 1.4. ఎండ తగిలితే ఒంట్లో డి పెరుగుతుంది కాబట్టి బీచ్ రోడ్డు వాకింగ్ పొద్దు వాలాకే.