నాలుగేళ్లుగా దారంతోనే వీల్ అలైన్‌మెంట్: సొంతంగా కట్టుకున్న కారుతో నా అనుభవం

విడిభాగాల కిట్ తెచ్చి కట్టుకున్న నా కారు రోడ్డెక్కి నాలుగేళ్లు దాటింది. 18,000 కిలోమీటర్లు తిరిగింది. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్లు (చక్రాన్ని పైనా కిందా పట్టి ఉంచే జంట చేతులు), 13 అంగుళాల రిమ్ములు, బరువు 560 కిలోలు. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, మొత్తం ఇంట్లోనే చేసుకుంటున్నాను. నైలాన్ దారం, జాక్ స్టాండ్లు, స్టీలు స్కేలు, ఒక డిజిటల్ యాంగిల్ గేజ్, అంతే సామాను.

మొదట్లో ఒక అలైన్‌మెంట్ సెంటర్‌కు తీసుకెళ్లాను. వాళ్ల మెషిన్‌లో ఇలాంటి కారు కొలతలు ఉండవు కదా. వేరే కారు లెక్కలు పెట్టి, ఖాళీ సీటుతోనే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సరిచేసి పంపారు. బయటికి రాగానే స్టీరింగ్ ఒక పక్కకు లాగింది. ఇంత తేలిక కారులో 75 కిలోల మనిషి ఎక్కితే ఆ పక్క స్ప్రింగులు కుంగుతాయి, దాంతో క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం), టో రెండూ మారతాయి. అప్పటినుంచి సీట్లో నా బరువుకు సరిపడా ఇసుక మూటలు పెట్టాకే స్కేలు పట్టుకుంటున్నాను.

కారుకు రెండు పక్కలా పొడవునా దారం కట్టి, దాని నుంచి రిమ్ అంచులకు దూరం కొలిచి టో చూస్తాను. దారం మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. అయితే దాన్ని చక్రాలకు ఆనించి కట్టకూడదు. నా కారుకు ముందు, వెనక ట్రాక్ వెడల్పులు (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) వేరు. హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి దారానికి ఉన్న దూరం ముందు చక్రాలకు రెండు పక్కలా ఒకటే ఉండాలి, వెనక చక్రాలకూ అంతే. తొలిసారి దీనికే ఒక పూటంతా పట్టింది. తర్వాత రెండు అల్యూమినియం పైపులకు సమాన దూరంలో గాట్లు పెట్టి దారాలు కట్టాను. ఇప్పుడు ఇరవై నిమిషాల పని. దారం నుంచి రిమ్ ముందు అంచుకీ వెనక అంచుకీ ఉన్న దూరాల్లో ఒక మిల్లీమీటరు తేడా వస్తే సుమారు 10 నిమిషాల కోణం, అంటే డిగ్రీలో ఆరో వంతు. అర మిల్లీమీటరు కంటితో చదవగలిగితే రోడ్డు కారుకు అది చాలు.

క్యాంబర్ కొలవడానికి యాంగిల్ గేజ్ కూడా మంచిదే, కాకపోతే నేల సమంగా ఉండాలి. తాపీ మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో చూస్తే ఒక చక్రం కింద 6 మిల్లీమీటర్ల పల్లం బయటపడింది. పలుచని పలకలు వేసి సరిచేశాను. జాక్ దించగానే కొలవకండి. టైర్లు నేలను పట్టుకుని లోపలికి ముడుచుకుని ఉంటాయి. ఒక్కో చక్రం కింద రెండు నున్నటి పలకలు, మధ్యలో గ్రీజు పెట్టి, కారును నాలుగుసార్లు కిందికి నొక్కి వదిలితే అసలు కొలత వస్తుంది. క్యాంబర్ అయ్యాకే టో. క్యాంబర్ కదిపితే టో ఎలాగూ మారుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది బుష్‌లు, అంటే విష్‌బోన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు. కారు కట్టేటప్పుడు చక్రాలు గాల్లో వేలాడుతుండగానే విష్‌బోన్ బోల్టులన్నీ బిగించేశాను. నేల మీద దించగానే రబ్బరు మెలిపడింది. ఆ మెలి స్ప్రింగుకు తోడై కారును పైకి పట్టి ఉంచింది. నేనేమో అదే అసలు ఎత్తు అనుకున్నాను. కొన్ని నెలలకు రెండు బుష్‌లు చిరిగాయి, ఒక మూల కుంగింది, వేసిన లెక్కలన్నీ పోయాయి. కొత్తవి వేసి, కారు బరువంతా చక్రాల మీద ఉండగా బిగించాక ఎత్తు మళ్లీ మారలేదు.

రెండో ఏడాదిలో ముందు టైరు మీద అరచేయి అడ్డంగా రాస్తే ఒక వైపు నున్నగా, మరో వైపు గరుగ్గా తగిలింది. టో తప్పిందని అర్థం. లాక్‌నట్ బిగించేటప్పుడు టై రాడ్‌ను (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) రెండో స్పానర్‌తో పట్టుకోలేదు, నట్‌తో పాటు అదీ తిరిగిపోయింది. ఇప్పుడు బిగించాక మళ్లీ కొలిచి, నట్ మీద పెయింట్ గీత పెడుతున్నాను.

క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) మాత్రం ఈ సామానుతో విసుగు పుట్టిస్తుంది. చక్రాన్ని అటూ ఇటూ 20 డిగ్రీలు తిప్పి, క్యాంబర్ తేడాను 1.5తో గుణించాలి. తిప్పిన కోణం సరిగ్గా లేకపోతే జవాబూ ఉండదు. దానికి టర్న్ ప్లేట్లు (చక్రం కింద పెడితే తిప్పిన కోణం చూపే పలకలు) కొనడమే మేలు.

పోయిన నెల కొలిస్తే వెనక టో కదల్లేదు. ముందు ఎడమ చక్రం మాత్రం ప్రతిసారీ వేరే అంకె చూపించింది. చేత్తో ఊపితే రాడ్ ఎండ్‌లో (కడ్డీ చివర ఉండే కీలు) ఆట, అంటే వదులు, తెలిసింది. కొత్తది వేశాకే మళ్లీ దారం కడతాను.