రోడ్డుకూ ట్రాక్‌కూ ఒకే పోలో జీటీ టీఎస్‌ఐ: కడపలో కొన్నేళ్ల వాడకం తర్వాత

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ కారు ఉందని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి మాట "రీమ్యాప్ చేయించావా, పవర్ ఎంత వచ్చింది" అనే. రీమ్యాప్ అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం. ఈ కారు నా దగ్గర 2015 నుంచి ఉంది. కడపలో మా ఇంటి బండి ఇదే, ఆఫీసుకూ పెళ్లిళ్లకూ ఇదే, వీలు దొరికినప్పుడల్లా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసింగ్ ట్రాక్‌కు పోయేదీ ఇదే. లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. ఇన్నాళ్ల వాడకంలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది: రోడ్డు మీదా ట్రాక్ మీదా ఒకే కారు వాడాలనుకుంటే డబ్బు ముందు బ్రేకులకు పెట్టాలి, తర్వాత టైర్లకు, ఆ తర్వాత సస్పెన్షన్‌కు. ఇంజిన్ జోలికి చివర్న పోవాలి, అసలు పోకపోయినా నష్టం లేదు.

కంపెనీ ఇచ్చిన కారు గురించి ఎక్కువ చెప్పను. 1197 సీసీ టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్ పవర్, 175 ఎన్‌ఎమ్ టార్క్ (తిప్పే బలం), తనంతట తానే గేర్లు మార్చే 7 గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్స్. ఐదు తలుపుల హ్యాచ్‌బ్యాక్‌ను స్పోర్ట్స్ కారు అంటే కొంతమంది ఒప్పుకోరు, సరే. కానీ 1500 ఆర్‌పీఎమ్ దగ్గరే టార్క్ మొత్తం వచ్చేస్తుంది కాబట్టి ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీల వరస వెనక పడ్డప్పుడు సందు దొరికితే చాలు, కాలు కాస్త ఆనిస్తే దాటేస్తుంది. రోజువారీ వాడకానికి ఆ పవర్ నాకు ఏనాడూ తక్కువ అనిపించలేదు. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆగిపోయింది, ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండే. కొనేముందు సర్వీసు రికార్డు, గేర్‌బాక్స్ నడత రెండూ బాగా చూసుకోండి.

ఇక బ్రేకులు. కడప నుంచి రాయచోటి, పీలేరు, చిత్తూరు, రాణిపేట మీదుగా ట్రాక్‌కు పోతాను. ఊరు దాటగానే గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. దిగే లారీల బ్రేకులు కాలిన వాసన అక్కడ ఎప్పుడూ ఉండేదే, కడప వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ట్రాక్ మీద మన కారుకు జరిగేదీ అదే, కాకపోతే ఘాట్ మొత్తంలో పుట్టే వేడి ఇక్కడ రెండు మూడు ల్యాపుల్లోనే పుడుతుంది. ఇరుంగాట్టుకోట్టైలోని ఈ మద్రాసు ట్రాక్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. మెయిన్ స్ట్రెయిట్ మీద వచ్చిన వేగాన్నంతా ఆ చిన్న ముందు డిస్కులే మింగాలి, అదీ ల్యాప్ తర్వాత ల్యాప్, మధ్యలో చల్లారే టైమ్ లేకుండా. రోడ్డు కోసం చేసిన ప్యాడ్లూ (డిస్కును నొక్కి పట్టే దిమ్మలు), పెడల్ ఒత్తిడిని వాటిదాకా తీసుకుపోయే బ్రేక్ ఫ్లూయిడూ దీనికి తట్టుకోవు. అది కారులో లోపం కాదు, అవి ఈ పనికి పెట్టినవి కావు, అంతే.

బ్రేకు రెండు రకాలుగా చేతులెత్తేస్తుంది, ఆ రెండిటి తేడా కాలికే తెలియాలి. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ఆగడం లేదంటే ప్యాడ్ వేడెక్కి పట్టు తప్పిందని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి పోతోందంటే ఫ్లూయిడ్ మరుగుతోంది, పైపుల్లో ఆవిరి బుడగలు చేరాయి. ఇది చాలా ప్రమాదం. బ్రేక్ ఫ్లూయిడ్ తేమను పీల్చుకుంటుంది, చిక్కంతా అక్కడే. డాట్ 4 రకం కొత్త ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రమాణం, తేమ పట్టాక లెక్కలోకి తీసుకునే కనీసం 155. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. కాబట్టి మూడేళ్ల నుంచి ట్యాంకులో ఉన్న ఫ్లూయిడ్‌తో ట్రాక్‌కు పోవద్దు, అది రంగుకు ఎంత బాగున్నా సరే.

మా మెకానిక్ భాయ్‌కి ఈ మాట ఒప్పించడానికి కొంత టైమ్ పట్టింది. "ఇంకా తెల్లగానే ఉంది గదన్నా, పారబోయడం దేనికి?" అనేవాడు. ట్రాక్ నుంచి వచ్చిన మర్నాడు ముందు చక్రం తీసి, బ్లీడర్‌కు (ఫ్లూయిడ్‌ను బయటికి వదిలే చిన్న మూతి) సన్నటి ట్రాన్స్‌పరెంట్ పైపు తగిలించి, ఇంకో చివర సీసాలో కొద్దిగా ఫ్లూయిడ్ పోసి ముంచాం. నేను లోపల కూర్చుని పెడల్ తొక్కుతున్నా, ఆయన కింద నుంచి "తొక్కు, పట్టుకో, వదులు" అంటున్నాడు. పైపులో ముందు చిన్న చిన్న బుడగలు వరసగా వచ్చాయి, తర్వాత టీ రంగు ఫ్లూయిడ్, చాలాసేపటికి గానీ కొత్తది తేటగా దిగలేదు. ఆ బుడగలు కళ్లారా చూశాక ఆయనే ఇప్పుడు వేరే కస్టమర్లకు రెండేళ్లకోసారి మార్చమని చెప్తున్నాడు. మొత్తం మార్చినా ఒక పెట్రోల్ ట్యాంకు నింపినంత ఖర్చు కూడా కాదు. ఈ కారు మీద నేను పెట్టిన డబ్బులో దీనంత ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు.

ప్యాడ్ల విషయంలో పూర్తి రేసింగ్ ప్యాడ్లకు పోవద్దు. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే చల్లటి డిస్కుతో ఏడురోడ్ల కూడలి దగ్గర అడ్డంగా ఆటో వచ్చిందనుకోండి, అప్పుడు ప్యాడ్ వేడెక్కేదాకా ఆగలేం కదా. రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్యరకం ప్యాడ్లు వేయించాను. కొంచెం కీచుమంటాయి, అల్లాయ్ చక్రాలు తొందరగా నల్లబడతాయి, నాకది పెద్ద ఇబ్బంది అనిపించలేదు. కొత్త ప్యాడ్లు వేసిన రోజే గట్టిగా తొక్కేయకుండా, తెల్లవారుజామున ఖాళీగా ఉన్న రోడ్డు మీద మధ్యస్థ వేగం నుంచి పూర్తిగా ఆగకుండా బాగా తగ్గించడం, మళ్లీ వేగం తీసుకోవడం, ఇలా కొన్నిసార్లు చేసి ప్యాడ్‌ను డిస్కుకు అలవాటు చేయాలి. వెనక డ్రమ్ములు అలాగే ఉంచాను, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది కాబట్టి వెనక డిస్కులకు పెట్టే ఖర్చుకు తగిన లాభం లేదు. ట్రాక్ నుంచి పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండి ఆపుకునే చోటు) వచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగకూడదు, చక్రాలకు రాయి అడ్డం పెట్టి వదిలేయాలి. బ్రేక్ పెడల్ మీద కూడా కాలు పెట్టి నిలబడకూడదు, కాలుతున్న ప్యాడ్ డిస్కుకు ఒకేచోట అంటుకుని తర్వాత స్టీరింగ్ వణుకు మొదలవుతుంది.

టైర్లు. కంపెనీ సైజు 185/60 ఆర్15. నేను 195/55 ఆర్15 వాడుతున్నాను. మొత్తం ఎత్తు సుమారు ఏడున్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే స్పీడోమీటర్ ఒక శాతం చిల్లర ఎక్కువ చూపిస్తుంది, అంతకు మించి తేడా లేదు. మలుపులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) తక్కువగా వంగుతుంది, స్టీరింగ్ తిప్పగానే ముందు భాగం మాట వింటుంది. కొనేటప్పుడు లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును సూచించే అంకె) కంపెనీ చెప్పినదానికి తగ్గకుండా చూసుకోండి. గాలి విషయం అందరూ తేలిగ్గా తీసుకుంటారు గానీ ట్రాక్ మీద సగం కథ అక్కడే ఉంది. చల్లటి టైరులో ఉన్న గాలికి కొన్ని ల్యాపుల్లో ఐదారు పీఎస్‌ఐ కలుస్తుంది, కారు జారడం మొదలవుతుంది, డ్రైవర్ ఏమో టైరు బాగాలేదనుకుంటాడు. నేను టైరు అంచు మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీస్తాను. ల్యాపులు అయ్యాక వచ్చి చూస్తే గీత ఎక్కడిదాకా అరిగిందో కనిపిస్తుంది. అంచున ఉన్న చిన్న త్రికోణం గుర్తు దాటి కిందికి అరిగితే గాలి తక్కువైనట్టు, గుర్తు దగ్గరికి కూడా రాకపోతే ఎక్కువైనట్టు. ట్రాక్ మీద గాలి తగ్గించి ఉంటే, తిరుగు ప్రయాణానికి ముందు టైర్లు చల్లారాక మళ్లీ రోడ్డు లెక్కకు గాలి నింపడం మాత్రం తప్పనిసరి.

అలైన్‌మెంట్ దగ్గర ఒక షాపు వాళ్లు నన్ను బాగా బాధపెట్టారు. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి ఎంత వంగిందో ఆ కోణం) కావాలని అడిగితే "ఈ బండికి అడ్జస్ట్‌మెంట్ లేదు" అని, టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో ఆ కొలత) మాత్రం చూసి, అంతా సరిగ్గా ఉన్నట్టు ఆకుపచ్చ రంగులో చూపే ప్రింటు చేతిలో పెట్టారు. ఇంటికొచ్చేసరికి స్టీరింగ్ ఎడమకు లాగుతోంది. ఈ బండికి క్యాంబర్ ఎలా సర్దాలో తెలిసిన వాళ్ల దగ్గరికే పోండి, పోయి పక్కన నిలబడి కొలతలు చూడండి. ముందు చక్రాలకు ఒకటిన్నర డిగ్రీల నెగటివ్ క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి వంగి), టో సున్నా, ఇది నాకు రోడ్డు మీదా ట్రాక్ మీదా కుదిరింది. టైరు లోపలి అంచు అరిగిపోతుందని అందరూ క్యాంబర్‌ను తిడతారు గానీ టో తేడాగా ఉన్నప్పుడే అసలు అరుగుదల. వెనక రెండు చక్రాలనూ కలిపే టార్షన్ బీమ్ అనే దూలం ఉంది, అక్కడ తిప్పుకోవడానికేమీ లేదు.

సస్పెన్షన్ మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఫొటోల్లో బాగుంటుందని కారును నేలకు దించేయడం కడప జిల్లాలో కుదిరే పని కాదు. కంపెనీ గ్రౌండ్ క్లియరెన్స్ 168 మిల్లీమీటర్లు. మన పల్లెల స్పీడ్ బ్రేకర్లకు కొలతా ఉండదు, గీతా ఉండదు, రాత్రిపూట పైకి ఎక్కాక గానీ తెలియదు. నలభై మిల్లీమీటర్లు దించితే నలుగురు కూర్చున్నప్పుడు పొట్ట తగలడం ఖాయం. పైగా షాక్ అబ్సార్బర్ కదిలే చోటు తగ్గిపోయి మలుపులోనే బంప్ స్టాప్ (చివర్న అడ్డుండే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటుంది, అప్పుడు కారు ఉన్నట్టుండి జారుతుంది. నేను మంచి డ్యాంపర్లు (షాక్ అబ్సార్బర్లు), కాస్త గట్టి స్ప్రింగులు వేయించి, సుమారు 20 మిల్లీమీటర్లు దించి ఆగిపోయాను. వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) ఒకటి కలిపాక మలుపులో ముందు చక్రాలు బయటికి జారుకుంటూ పోయే గుణం బాగా తగ్గింది. మా నాయన మాత్రం వెనక సీట్లో కూర్చుంటే రాయచోటి చేరేలోపు రెండుసార్లు నడుం సర్దుకుంటాడు. అమ్మానాన్నలను రోజూ తిప్పేవాళ్లు స్ప్రింగుల జోలికి పోకుండా డ్యాంపర్లు ఒక్కటే మార్చుకుంటే చాలు.

రీమ్యాప్‌ను కావాలనే చివరికి ఉంచాను. స్టేజ్ 1 (వేరే భాగాలు మార్చకుండా చేసే మొదటి మెట్టు రీమ్యాప్) వేశాక రోడ్డు మీద తేడా నిజంగా ఉంది, మూడో గేర్‌లో లాగుడు వేరు. ట్రాక్ మీద మాత్రం అనుకున్నంత లేదు. ముందు చక్రాలతో నడిచే కారు కాబట్టి మలుపు నుంచి బయటపడేటప్పుడు లోపలి చక్రం ఊరికే తిరుగుతుంది, వచ్చిన పవర్‌లో కొంత అక్కడే పోతుంది. ఇక వేడి. మే నెలలో కడపలో 40 డిగ్రీలు దాటడం మామూలే. టర్బో నొక్కి పంపే గాలి అసలే వేడి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా వేడెక్కాక ఇంజిన్‌లోకి పోయే గాలి ఇంకా వేడెక్కుతుంది, నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండడం) రాకుండా ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, వెనక్కి లాగేస్తుంది. అంటే కాగితం మీద వచ్చిన గుర్రాలు మూడో ల్యాప్‌కు ఉండవు. ఒకటి రెండు ల్యాపులు గట్టిగా తోలి, ఒక ల్యాప్ నెమ్మదిగా తిరగడమే దీనికి మందు. ఈ డీఎస్‌జీలోది డ్రై క్లచ్, నూనెలో మునిగి ఉండదు, డిజైన్ పరిమితి 250 ఎన్‌ఎమ్. రీమ్యాప్ చేసే ట్యూనర్‌తో ముందే మాట్లాడి టార్క్ దానికి బాగా కిందే ఉంచమన్నాను. ఆగి ఉన్న చోటు నుంచి ఒక్కసారిగా దూకించే లాంచ్‌లు చేయను, పిట్ లేన్‌లో వరసలో ఉంటే న్యూట్రల్‌లో పెడతాను. ఇంజిన్ ఆయిల్ 15,000 కిలోమీటర్ల దాకా ఉంచకుండా సగానికే మారుస్తాను.

చట్టం సంగతి కూడా తెలుసుకుని దిగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. సైలెన్సర్ నేను ముట్టుకోలేదు, రిమ్స్ ఆసుపత్రి ముందు నుంచి రోజూ పోయే బండికి ఆ మోత అక్కర్లేదు. ఇన్సూరెన్స్ పాలసీలో రేసింగ్‌కూ స్పీడ్ టెస్టింగ్‌కూ వర్తించదని రాసి ఉంటుంది. ట్రాక్ మీద ఏం జరిగినా మన జేబులోంచే అనుకుని పోవాలి. రోల్ కేజ్ (కారు లోపల చుట్టూ ఇనుప పైపుల చట్రం) వేయిద్దామా అని అడిగే తమ్ముళ్లకు ఒకటే చెప్తాను, వద్దు. రోడ్డు మీద హెల్మెట్ లేకుండా కూర్చుంటాం, చిన్న యాక్సిడెంట్‌లో కూడా ఆ ఇనుప పైపు తలకు తగులుతుంది.

ట్రాక్ రోజున డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, కాళ్ల కింది మ్యాట్లు తీసేస్తాను. ఫుల్ ఫేస్ హెల్మెట్, ప్రెషర్ గేజ్, ఒక లీటరు మూత తీయని ఫ్లూయిడ్, టార్క్ రెంచ్ తీసుకుపోతాను. చక్రాల బోల్టులు 120 ఎన్‌ఎమ్‌కు బిగించి, మొదటి సెషన్ అయ్యి చల్లారాక మళ్లీ ఒకసారి చూస్తాను. ఇప్పుడు ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే చేయి) బుష్‌ల రబ్బరు చీలికలు పడుతోంది, బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ కొద్దిగా పక్కకు కదులుతోంది. వచ్చే నెల అవి మార్పిస్తున్నాను. పాలీయూరిథేన్ అనే గట్టి పదార్థంతో చేసిన బుష్‌లు వేయమని ఒకాయన సలహా ఇచ్చాడు గానీ మన గతుకుల్లో ఆ అదురంతా బాడీకే వస్తుంది కాబట్టి మళ్లీ కంపెనీ రబ్బరువే వేయిస్తాను.