క్రయ దస్తావేజు ఆన్‌లైన్‌లో: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మా ఇంట్లో గానీ చుట్టాల్లో గానీ స్థలం కొన్నా, అమ్మినా కాగితాల పని నా దగ్గరికే వస్తుంది. అలా ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్‌కి ముందు మనమే వివరాలు నింపే పబ్లిక్ డేటా ఎంట్రీని కొన్నేళ్లుగా వాడుతున్నాను. మంచి సదుపాయమే. కాకపోతే డాక్యుమెంట్ రైటర్ బుర్ర పెట్టే పని కూడా అదే చేసేస్తుందనుకోకూడదు.

నాకు బాగా నచ్చింది తీరిక. ఇదివరకు రైటర్ రాసిచ్చింది ఆఫీసు వరండాలో నిలబడి గబగబా చూసి సంతకం పెట్టేవాళ్లం. ఇప్పుడు పేర్లు, లింకు డాక్యుమెంట్ (ఆ స్థలం ఇదివరకు చేతులు మారినప్పటి దస్తావేజు) నంబరు, సర్వే నంబరు, హద్దులు ఇంట్లోనే నింపి, ఇరుపక్షాలకూ వాట్సాప్‌లో పంపి చదివించొచ్చు.

అసలు పనంతా షెడ్యూల్లోనే, అంటే స్థలం కొలతలు, హద్దులు రాసే భాగంలోనే. పాత దస్తావేజుల్లో సెంట్లుంటాయి, ఇప్పుడు గజాల్లో రాస్తున్నాం. సెంటుకి 48.4 గజాలు కాబట్టి 5 సెంట్లంటే 242 గజాలు. గుండుగుత్తగా 240 అని రాసేవాళ్లున్నారు, ఆ రెండు గజాలు ఎవరివని తర్వాత ఎవరూ చెప్పలేరు. హద్దులు ఇంకో తలనొప్పి. పాత కాగితంలో తూర్పున ఫలానావారి ఖాళీ స్థలం అనుంటుంది. వెళ్లి చూస్తే అక్కడ మూడంతస్తుల ఇల్లు, ఓనరూ మారిపోయుంటాడు. నేనైతే ఇప్పటి ఓనరు పేరు రాసి, పూర్వం ఎవరిదో కూడా చేరుస్తాను. మనం టైప్ చేసింది నేల మీద ఉందో లేదో కంప్యూటర్‌కి తెలీదు కదా. తప్పు తర్వాత బయటపడితే అమ్మినవాళ్లని మళ్లీ పిలిచి సవరణ దస్తావేజు రాయించుకోవాలి. అమ్మినాయన అప్పటికి అమెరికాలో కొడుకు దగ్గరుంటే ఇక టెన్షనే.

ఖర్చు లెక్క సులువు. స్టాంపు డ్యూటీ 5%, బదిలీ సుంకం 1.5%, రిజిస్ట్రేషన్ ఫీజు 1%, అంతా కలిపి 7.5%. ప్రభుత్వం లెక్కగట్టిన మార్కెట్ విలువ, అమ్మకం ధర రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. 40 లక్షలకి 3 లక్షలన్నమాట. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు ఇచ్చే డబ్బులోంచి 1% టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలి. అమ్మేవారు ఎన్నారై అయితే లెక్క వేరు, ఆడిటర్‌ని అడగాల్సిందే.

అడ్వాన్సు ఇవ్వకముందే ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) చూసుకోండి. ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అయితే ఈసీ శుభ్రంగా ఉందని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోలేం. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, అన్నదమ్ముల వాటాల గొడవలు అందులో కనిపించవు.

ఇంత చేసినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లక తప్పదు. ఇద్దరు సాక్షులు, ఫొటోలు, వేలిముద్రలు అన్నీ అక్కడే. పెద్దవాళ్ల వేళ్లు అరిగి ముద్ర ఒక పట్టాన పడదు, వాళ్లతో వెళ్తే కాస్త ఓపిక పట్టాలి. వివరాలు సరిచూసుకోమని చెక్ స్లిప్ చేతికిచ్చినప్పుడు మొహమాటపడకుండా అక్షరం అక్షరం చదవండి. సంతకాలైన తేదీ నుంచి 4 నెలల్లోపు దస్తావేజు దాఖలు చేయాలని చట్టం చెబుతోంది, కాబట్టి రాసి బీరువాలో పెట్టకండి.

ఒకే ఓనరు, లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్న ప్లాటో ఫ్లాటో అయితే ధైర్యంగా మీరే చేసుకోవచ్చు. వారసత్వపు వాటాలు, విదేశం నుంచి వచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే మాత్రం వద్దు. మా పెదనాన్నగారి వాటా అమ్మినప్పుడు వివరాలు నేనే నింపాను గానీ, పత్రం వకీలు గారి చేతే రాయించాను.