నెమలి పాటా, చక్రవర్తి పాటా? రెండు చైనా ప్రేమ కావ్యాల్లో ఏది మేలు

పాత చైనా కథాకావ్యాల్లో విషాద ప్రేమ అనగానే రెండు పేర్లు ముందుకొస్తాయి. ఒకటి హాన్ వంశం చివరి రోజుల్లో జరిగిన కథ, ‘ఆగ్నేయానికి ఎగిరిన నెమలి’. రాసిందెవరో తెలియదు. రెండోది బాయ్ జుయీ 806లో రాసిన ‘ఎడతెగని వేదన పాట’. అది చిన్న ఉద్యోగి ఇంటి గొడవ, ఇది చక్రవర్తి కథ. ఒక్కటే చదివే తీరిక ఉంటే నా ఓటు ఉద్యోగి ఇంటికే.

కోడలు లాన్‌జీ తొలికోడి కూయగానే మగ్గమెక్కుతుంది. రాత్రుళ్ళూ కునుకుండదు. మూడు రోజుల్లో ఐదు తాన్లు నేసినా అత్తకు అది నత్తనడకే. ‘నా నేత ఆలస్యమై కాదు, మీ ఇంట కోడలిగా నెగ్గుకురావడమే కష్టం’ అని మొగుడితో తేల్చి చెబుతుంది లాన్‌జీ. ఆ మొగుడు జోంగ్‌చింగ్, లూజియాంగ్ కచేరీలో చిన్న ఉద్యోగి. తల్లికి నచ్చజెప్పబోతే ఆవిడ మంచం దబదబా బాదేసి, ఆమెను పంపించేయ్, తూర్పువైపు ఇంట్లో మంచి పిల్ల ఉంది, సంబంధం అడుగుతానంటుంది. అతను ఇక నోరెత్తలేడు. ‘కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండు, నేనొచ్చి తీసుకెళ్తా’ అంటాడు పెళ్ళాంతో. ఈ మాట మనం వినని మాటా?

వెళ్ళే రోజు తెల్లవారకముందే లాన్‌జీ ముస్తాబవుతుంది, ఒక్కో నగా బట్టా నాలుగైదుసార్లు సరిచూసుకుంటూ. ఏడుస్తూ కాదు, పెళ్ళికూతురిలా గడప దాటుతుంది. కన్నీళ్ళు ఆడబిడ్డ దగ్గరే వస్తాయి: ‘నేను కాపురానికొచ్చినప్పుడు మంచం పట్టుకుని నిలబడేదానివి, ఇప్పుడు నా అంత ఎదిగావు.’ కాపురం రెండు మూడేళ్ళేనని కావ్యమే ముందు చెప్పింది, కాబట్టి లెక్క కుదరదు. ఈ పాదాలు తర్వాతెవరో చేర్చారని వాదించే పండితులున్నారు. చేర్చినా సరే, నేను వదులుకోను.

పుట్టింట్లో ఈసారి అన్న. జిల్లా అధిపతి కొడుకు సంబంధం కాదంటే ఇంకేం చేస్తావని నిలదీస్తాడు. మగపెళ్ళివారు ముప్పై లక్షల నాణేలు, 300 తాన్ల రంగు పట్టు పంపుతారు. ఇక్కడ తాన్ల లెక్క మళ్ళీ వచ్చింది చూడండి. అత్తకు చాలని ఆ వేగంతోనే నేస్తే ఈ 300 తాన్లు లాన్‌జీకి ఆరు నెలల పని. పెళ్ళిరాత్రి ఆమె పట్టుజోళ్ళు విప్పి కొలనులో దూకుతుంది. కబురు విని జోంగ్‌చింగ్ పెరట్లో చెట్టు ఆగ్నేయపు కొమ్మకు ఉరేసుకుంటాడు.

బాయ్ జుయీ పాట 120 పాదాలే, నెమలి కావ్యంలో మూడోవంతు. చెవికి మాత్రం ఇదే ఇంపు. 756లో మావెయ్ అనే మజిలీ దగ్గర సైన్యం అడుగు ముందుకు వెయ్యనని మొరాయిస్తే, తాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ తన ప్రియురాలు యాంగ్ గుయ్‌ఫెయ్ ప్రాణం తీయించాల్సొస్తుంది. ఆమె తలనగలు నేలమీద పడి ఉంటాయి, ఏరేవాళ్ళుండరు. ఆ ఒక్క దృశ్యానికి దండం పెట్టొచ్చు. కానీ ఇంటి సంగతికొచ్చేసరికి కవి ముసుగు కప్పేశాడు. ఆమె మొదట చక్రవర్తి సొంత కొడుకు భార్య. పాటలోనేమో అంతఃపురం చాటున పెరిగిన, ఎవరికీ తెలియని యాంగ్ ఇంటి పిల్ల! చక్రవర్తిని కూడా ‘హాన్ చక్రవర్తి’ అంటూ వెనకటి వంశంలోకి నెట్టేశాడు. తన కాలపు రాజవంశం గురించి రాస్తున్నవాడికి అది తప్పదేమో. మామ కోడల్ని తెచ్చుకున్న కథ మాత్రం మాయమైపోయింది.

మూడో పేరుగా లూ యోవ్ అనే కవిని చెప్పేవాళ్ళుంటారు. తల్లి పోరుకు భార్య తాంగ్ వాన్‌ను వదిలేసి, తర్వాత షావోశింగ్‌లోని షెన్ తోటలో ఆమె ఎదురుపడితే గోడమీద ‘తప్పు, తప్పు, తప్పు’ అని రాశాడంటారు. ఆ పాటలో అమ్మను అనలేక తూర్పుగాలిని తిట్టాడని అర్థం చెబుతారు. బాగుంటుంది, కానీ అది చిట్టి పాట, కథాకావ్యం కాదు.

అల్లుకున్న కొమ్మలు రెండు కావ్యాల్లోనూ ఉన్నాయి. చక్రవర్తి, గుయ్‌ఫెయ్ ఏడో నెల ఏడో రోజు అర్ధరాత్రి, నేలమీదైతే అలాంటి కొమ్మలమవుదామని బాస చేసుకుంటారు. లాన్‌జీ, జోంగ్‌చింగ్‌ల సమాధి దగ్గర మాత్రం అవి నిజంగా పెరుగుతాయి. ఆ ఆకుల్లో జంట పిట్టలు రోజూ తెల్లవారుజాము దాకా పిలుచుకుంటాయి. ఇద్దర్నీ ఒక్కచోటే పూడ్చమని అడిగింది ఆ రెండు కుటుంబాలే.